పేర్లు కోసేసిన హెచ్చరిక

"మైకుని ఎవరైనా పడుకోబెట్టి మాట్లాడతారా?" అని అడిగింది సరోజ.

రాజరాజేశ్వరి గుమ్మంలోనే ఆగిపోయింది. తండ్రి పడిపోయిన గదిలోకి అడుగు పెట్టడానికి ఆమెకి ఇంకా ధైర్యం చాలడం లేదు.

"లేదండీ. నాన్నగారికి నడుం నొప్పి, వంగలేరు. స్టాండుకి బిగించి, తిన్నగా కూర్చుని మాట్లాడతారు."

సరోజ బల్ల మీదకి వంగింది. వైర్‌లెస్ సెట్టు ఉన్నచోటే ఉంది. స్టాండు ఖాళీగా ఉంది. మైకు మాత్రం మడతపెట్టిన తువ్వాలు మీద పడుకుని, బల్ల రెండో కొసకేసి చూస్తోంది. ఆ కొసన ఏమీ లేదు. మనిషి కూర్చునే కుర్చీ ఇటువైపు ఉంది.

ఎనభై ఏడు వేసవిలో నూజివీడు చుట్టుపక్కల రామచంద్రమూర్తి గొంతు తెలియని మామిడి రైతు లేడు. ఆయన ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరయ్యాక లైసెన్సు తీసుకుని హామ్ రేడియో పెట్టుకున్నారు. సముద్రం పక్కన బందరు నుంచి మెట్టన చాట్రాయి దాకా అలాంటి సెట్లున్న మిత్రులు కొందరు రోజూ పొద్దున్నే తమ ఊళ్ళో గాలి ఎటు వీస్తోందో, మబ్బు ఎలా ఉందో ఆయనకి చెబుతారు. ఆయన అవన్నీ కలిపి, గాలివాన భయం ఉందో లేదో తేల్చి, తిరిగి చెబుతారు. ఇంట్లో మామూలు రేడియోలో షార్ట్ వేవ్ ముల్లు ఓ మూలకి తిప్పితే ఆ మాటలు వినిపిస్తాయి. చెప్పేవాళ్ళు గుప్పెడు మంది. వినేవాళ్ళు తాలూకా అంతా. పోయిన వేసవిలో ఆయన ముందే చెప్పబట్టే గాలివాన నుంచి తోటలు దక్కాయి.

సోమవారం పొద్దున ఆ గొంతు "ఇవాళ సాయంత్రానికి పెనుగాలి తగలబోతోంది, కాయ కోసుకోండి" అంది. తోటలకి తోటలు దులిపేశారు. టెంక కూడా ముదరని రసాలు గుట్టలు పడ్డాయి. సాయంత్రం అయింది. ఆకు కదల్లేదు. మూర్తిగారు మాత్రం ఈ గదిలో, తల వెనక గాయంతో, స్పృహ లేకుండా దొరికారు. ఆ వేళకి మైలవరంలో పిన్నిగారింట్లో ఉన్న రాజరాజేశ్వరి పరుగున వచ్చి, తండ్రిని ఆస్పత్రిలో చేర్చి, ఊరు ఆయన్ని తిట్టే తిట్లు వినలేక బెజవాడ వెళ్ళి ప్రైవేటు డిటెక్టివ్ సరోజని వెంటబెట్టుకొచ్చింది.

"పడుతూ పడుతూ చెయ్యి తగిలి మైకు కిందికి వాలుంటుందమ్మా. అందులో పెద్ద పరిశోధన ఏముంది?"

గుమ్మంలోంచి వచ్చిన ఆ గొంతు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ రత్నబాబుది. టోపీ చంకలో పెట్టుకుని, తన సొంతిల్లయినట్టు లోపలికి వచ్చాడు.

"తువ్వాలు కూడా మడతపెట్టుకుని వాలిందా సీఐ గారూ?"

రత్నబాబు నవ్వాడు. ఆ నవ్వు మీసం దాటి పైకి పోలేదు. "మీ బెజవాడలో ఎలాగో గానీ, ఇక్కడ కేసు తేటగా ఉంది మేడమ్. సోమవారం అందరికంటే ఎక్కువ కాయ కొన్నది మండీ నారాయణరావు. అతగాడు ముసలాయనకి చెయ్యి తడిపాడు. ముసలాయన అబద్ధం చెప్పాడు. చెప్పాక గుండె అదిరి కళ్ళు తిరిగి పడ్డాడు, బల్ల అంచు తగిలింది. నారాయణరావు లాకప్పులో ఉన్నాడు. ఈయనకి తెలివొచ్చాక ఈయనా అక్కడికే."

 సరోజ రాజరాజేశ్వరి చెయ్యి పట్టుకుని గదిలోకి తెచ్చి, తన పక్కన నిలబెట్టుకుంది.

"ఆయన కళ్ళజోడు ఎక్కడ దొరికింది?"

"చొక్కా జేబులో. డబ్బాలో పెట్టి ఉంది."

"మూర్తిగారు చీటీ చూసి చదువుతారు. కళ్ళజోడు డబ్బాలో పెట్టుకుని ఏం చదివారు?"

"అబద్ధం చెప్పడానికి కళ్ళజోడెందుకు?" అన్నాడు రత్నబాబు టక్కున.

సరోజ మనసులోనే ఒప్పుకుంది. దెబ్బకి దెబ్బ కొట్టాడు. తెలివితక్కువవాడు కాదు. అదే చిక్కు.

"గొంతు ఆయనదే" అన్నాడు మళ్ళీ. "తాలూకా అంతా విన్నారు. కాదనగలరా?"

"కాదనను."

"మరింకేం! బెజవాడ బస్సు సాయంత్రం కూడా ఉంది మేడమ్."

* * *

లాకప్పులో నారాయణరావు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. గంజి పెట్టిన పంచె నలిగి, రెండు రోజుల గడ్డంతో, మండీలో గుమస్తాలని హడలగొట్టే మనిషిలా లేడు.

"మీరు ఆ రేడియో వింటారా?" అంది సరోజ కటకటాల ఇవతల నిలబడి.

"రోజూ వింటానండీ. మొదట్నుంచీ."

"మొదట్నుంచీ అంటే?"

నారాయణరావు కళ్ళు మూసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "'అందరికీ నమస్కారం. బందరు నుంచి రాయప్పగారు చూసి చెప్పారు, సముద్రం మీద మబ్బు లేదు. ఉంగుటూరు నుంచి సూర్యనారాయణగారు చెప్పారు, తూర్పుగాలి మెల్లగా ఉంది. మైలవరం నుంచి వెంకట రమణగారు... చాట్రాయి నుంచి సలోమోను మాస్టారు...' ఇలా పేరుపేరునా చెబుతారండీ. అందరూ అయ్యాక అప్పుడు, 'వీరందరి మాటా కలిపి చూస్తే నాకు తోచింది ఇదీ' అని ఆఖర్న తన ముక్క. అది కూడా ఒక్క ముక్క!"

"కంఠతా వచ్చేసిందే!"

"పొద్దున్నే పంచాంగం విన్నట్టు వింటానండీ. మా ఆవిడ అన్నపూర్ణ నవ్వుతుంది, బేరం చెయ్యకుండా మీరు వినే మాట అదొక్కటేనని."

"సోమవారం కూడా అలాగే చెప్పారా?"

అతను కళ్ళు తెరిచాడు. "లేదండీ. పేర్లు లేవు. సరాసరి పెనుగాలి దగ్గరే మొదలెట్టారు. నాకు అప్పుడే ఏదో వెలితిగా అనిపించింది."

"అనిపించి కూడా కొన్నారు?"

"ఏం చెయ్యనండీ? బళ్ళు తోలుకొచ్చి మండీ ముందు దింపేశారు. నేను వద్దంటే ఆ కాయ ఎవరు కొంటారు? వాళ్ళ ముఖాలు చూడలేక కొన్నా. లేతకాయ మగ్గదు, మగ్గినా తీపెక్కదు. ముందు మునిగింది నేనే. ఈ ముక్క సీఐ గారికి చెబితే, మండీవాడు కన్నీళ్ళు పెట్టుకుంటే మొసలి కన్నీరంటారు!" కటకటాల దగ్గరికి జరిగి అడిగాడు, "ఆయనకెలా ఉందండీ?"

తన బెయిలు గురించి అడగలేదు. సరోజ ఆ సంగతి గమనించింది.

బయటికొచ్చి మెట్ల మీద నిలబడిపోయింది. డిటెక్టివ్ కాకముందు ఆమె బెజవాడ ట్రంక్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు. చావు కబుర్లూ, పురుటి కబుర్లూ, పెళ్ళిమాటలూ ఎన్ని కలిపిందో! ఇవతలివాడు అవతలివాడితో ఏడ్చేవాడు, నవ్వేవాడు. మధ్యన లైను కలిపిన మనిషి పేరు ఏళ్ళ తరబడి ఒక్కరూ అడగలేదు. ఆమె కూడా అడగాలనుకోలేదు. ఉద్యోగం అంతేననుకుంది. కానీ ఇక్కడ ఒక పెద్దాయన, జీతం లేని పనిలో, రోజూ పొద్దున్నే అందరి పేర్లూ చెప్పాకే తన మాట చెప్పేవాడు. సరోజ ఆయన్ని కళ్ళు తెరిచి ఉండగా ఇంకా చూడలేదు. అయినా ఆ మనిషికి నమస్కారం పెట్టాలనిపించింది.

అలాంటి మనిషి ఆ ఒక్కరోజూ పేర్లు ఎందుకు మరిచిపోయాడు?

* * *

"మరిచిపోవడమా! ఆయన?" అన్నాడు సలోమోను మాస్టారు.

చాట్రాయిలో ఆయన ఇంటి ముందుగది నిండా వైర్లే. సరోజా రాజరాజేశ్వరీ వాటి మధ్యే కూర్చున్నారు. పక్కన టేప్ రికార్డర్.

"ఒక మాట చెబుతానండీ. రెండేళ్ళ కిందట నేను గాలి దిక్కు తప్పు చెప్పాను. ఆయన దాన్ని నమ్మి, భయం లేదన్నారు. రాత్రికి వాన కొట్టింది. మర్నాడు రేడియోలో ఏమన్నారో తెలుసా? 'నిన్న నా అంచనా తప్పింది, క్షమించండి' అన్నారు. నా పేరు ఎత్తలేదు. ఒప్పయితే పేరు మాది, తప్పయితే పేరు ఆయనది. అలాంటాయన డబ్బు తిన్నాడంటే ఎవడు నమ్ముతాడండీ? కానీ నమ్మారు. అదే బాధ."

"సోమవారం ఆ మాట విని మీరంతా ఎందుకు అడ్డుపడలేదు?"

"పడ్డామండీ! 'మూర్తిగారూ, గాలేమీ లేదు కదా' అని అరిచాను. కానీ ఆ మాట అయ్యాక కూడా ఆయన సెట్టు మాట్లాడే మీట మీదే ఉండిపోయింది. ఒకరు మీట వదలకపోతే మిగతా ఎవరి మాటా బయటికి పోదు."

సరోజ చూపు టేప్ రికార్డర్ మీద ఆగింది. "ఇదెందుకు?"

"మా ఊళ్ళో రేడియోలు తక్కువండీ. ఆయన చెప్పింది రోజూ రికార్డు చేసి పంచాయతీ మైకులో వేస్తాను. ఒకటే కేసెట్టు. నిన్నటిది చెరిపి ఇవాళ్టిది."

"సోమవారానిది?"

"ఉందండీ. ఆ తర్వాత చెరపడానికి కొత్త మాటేది?"

సరోజ ఇంకేమీ అడగలేదు. మీట తనే నొక్కింది.

గరగర. 'టక్' మని చిన్న చప్పుడు. తర్వాత నిదానంగా, స్పష్టంగా మూర్తిగారి గొంతు: "ఇవాళ సాయంత్రానికి పెనుగాలి తగలబోతోంది. కాయ కోసుకోండి. పశువుల్నీ పిల్లల్నీ చెట్ల కింద ఉండనివ్వకండి..."

"వెనక్కి తిప్పండి" అంది సరోజ.

మళ్ళీ విన్నారు. సరోజ స్పీకరుకి చెవి ఆనించింది. వంద గొంతుల్లో ఒక గొంతు ఏరుకోవడం ఒకప్పటి ఆమె అన్నం. మూర్తిగారి మాట వెనకాల, దూరంగా, పక్కగదిలోంచి వచ్చినట్టు ఇంకో గొంతు ఉంది.

"ఈసారి వాల్యూం పెంచండి. మూర్తిగారిని వదిలెయ్యండి. వెనకాల వినండి."

"... పిల్లల్నీ చెట్ల కింద..."

*ఏవండీ, కాఫీ ఇక్కడ పెట్టాను. చల్లారిపోతోంది.*

రాజరాజేశ్వరి లేచి నిలబడింది.  చెయ్యి టేప్ రికార్డర్ మీద వేసింది, పసిపిల్ల నెత్తి మీద వేసినట్టు.

"అమ్మ" అంది చివరికి.

సలోమోను మాస్టారు తలవంచుకున్నాడు. మూర్తిగారి భార్య బుల్లెమ్మగారు పోయినేడు కార్తీకంలో పోయారు. ఆ సంగతి ఈ రేడియో మిత్రులందరికీ తెలుసు.

ఆ పిల్ల కాసేపు ఏడ్చింది. సరోజ ఏడవనిచ్చింది. తర్వాత నెమ్మదిగా అంది:

"సీఐ గారు చెప్పింది నిజమే. గొంతు మీ నాన్నగారిదే. మాటలూ ఆయనవే. రోజే ఆయనది కాదు. ఇది పోయిన వేసవిలో నిజంగా వచ్చిన గాలివానకి ఆయన చెప్పిన మాట. ఎవరో అప్పుడు రికార్డు చేశారు. సోమవారం పొద్దున ఆయన జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకునేలోపే వెనకనుంచి కొట్టి, మైకుని తువ్వాలు మీద పడుకోబెట్టి, ఎదురుగా టేప్ రికార్డర్ పెట్టి వేశారు. మీట అలాగే వదిలేసి పోయారు. కానీ పేర్లు ఎందుకు లేవు? పోయినేడు ఆయన పేర్లు చెప్పే ఉంటారు కదా!"

రాజరాజేశ్వరి కళ్ళు తుడుచుకుంది. "కోసేశారండీ."

"ఎవరు?"

"గాలివాన వెళ్ళాక తోటల్ని కాపాడినందుకు బెజవాడలో సన్మానం చేశారు. నాన్నగారికి కాదు, మామిడి రైతుల సంఘం ప్రెసిడెంటు ప్రభాకరరావుగారికి. ఆ సభలో ఈ టేపే వినిపించి, 'ఇది మా సంఘం చేసిన ఏర్పాటు' అన్నారు. నాన్నగారి గొంతుని సంఘం గొంతన్నారు. రాయప్పగారు, మాస్టారు, ఎవరి పేరూ లేదు. నాన్నగారు ముందు వరసలో కూర్చుని విన్నారు. దండ గురించి బాధపడలేదు ఆయన. ఇంటికొచ్చి, 'వాళ్ళందరికీ నేనేం ముఖం చూపించనే' అని అన్నం మానేశారు."

"సొమ్మొకడిది, సోకొకడిది" అంది సరోజ.

"ఇప్పుడు ప్రభుత్వం సంఘానికి పెద్ద వైర్‌లెస్ స్టేషను ఇస్తుందట. సంఘమే ఇన్నాళ్ళూ హెచ్చరికలు చేసిందని నాన్నగారు సంతకం పెట్టాలి. 'పని చేసినవాళ్ళ పేర్లన్నీ రాయండి, పెడతాను' అన్నారు నాన్నగారు. ప్రభాకరరావుగారు రెండుసార్లు వచ్చి వెళ్ళారు. మూడోసారి వచ్చారో లేదో నాకు తెలియదు. నేను మైలవరంలో ఉన్నాను కదండీ."

మూర్తిగారి మాట మీద జనానికి నమ్మకం పోతే ఇక సంతకంతో పనే లేదు. కొత్త స్టేషను తప్ప తాలూకాకి దిక్కుండదు. హెచ్చరిక ఎవడి నోట్లోంచి వస్తే తోటలన్నీ వాడి గుప్పిట్లో ఉంటాయి. ఎప్పుడు కొయ్యమంటే అప్పుడు కోస్తారు.

* * *

వాళ్ళు నూజివీడు చేరేసరికి మూర్తిగారి ఇంటి ముందు పోలీసు జీపు, దాని వెనక తెల్ల అంబాసిడరు ఉన్నాయి. లోపల ప్రభాకరరావు ఇద్దరు మనుషుల చేత వైర్‌లెస్ సెట్టు ఎత్తించబోతున్నాడు. ఖద్దరు లాల్చీ, భుజాన కండువా. రత్నబాబు కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు.

"సంఘం ఆఫీసులో భద్రంగా ఉంటుందమ్మాయ్. నువ్వొక్కదానివీ దీన్ని ఏం కాపాడతావు?" అన్నాడు ప్రభాకరరావు రాజరాజేశ్వరితో, తండ్రి లాంటి మెత్తదనంతో.

"దించండి" అంది సరోజ.

మనుషులు రత్నబాబు వైపు చూశారు. అతను చెయ్యి ఊపాడు. దించారు.

"ప్రభాకరరావుగారూ, మూర్తిగారి మాటలు మీరు రోజూ వింటారా?"

"వినకపోతే తోట ఎలా చేస్తానమ్మా?"

"ఎలా మొదలెడతారు ఆయన?"

"ఎలా ఏముంది? గాలి వస్తోంది, రావడం లేదు, అంతేగా."

"దానికి ముందు?"

"ముందంతా సొద. వాళ్ళు చెప్పారు, వీళ్ళు చెప్పారని. అసలు మాట దగ్గరపడ్డాకే నేను రేడియో పెడతాను."

"ఆ సొదలోంచి ఒక్క పేరు చెప్పండి."

ప్రభాకరరావు కండువా సర్దుకున్నాడు. "ఎంతమందినని గుర్తుపెట్టుకుంటాం?"

"ఒక్కటి చాలు. లాకప్పులో ఉన్న వ్యాపారి అందరి పేర్లూ వరసగా చెప్పాడు. వాళ్ళ కష్టానికి దండ వేయించుకున్న మీరు ఒక్కటి చెప్పండి."

 రత్నబాబు కుర్చీలో ముందుకి జరిగాడు. సరోజ సలోమోను మాస్టారి దగ్గర తెచ్చిన టేప్ రికార్డర్ బల్ల మీద పెట్టి మీట నొక్కింది. బుల్లెమ్మగారి గొంతు దగ్గర ఆపింది. అది ఎవరి గొంతో, ఆవిడ ఎప్పుడు పోయిందో రాజరాజేశ్వరి చెప్పింది. 

రత్నబాబు నెమ్మదిగా లేచాడు. టోపీ పెట్టుకున్నాడు. "ప్రెసిడెంటు గారూ! సన్మానం నాటి టేపు ఎక్కడుంది?"

"సంఘం ఆఫీసులో బీరువాలో ఉండాలి. తాళం పదిమంది చేతుల్లో తిరుగుతుంది. ఎవడు తీశాడో నాకేం తెలుసు?" ప్రభాకరరావు ముఖంలో ఒక్క నరం కదల్లేదు. "టేపు పాతదైతే దొంగ నేనవుతానా? నన్ను చూసినవాడు ఎవడైనా ఉన్నాడా సీఐ గారూ?"

"ఉండొచ్చు. మూర్తిగారు మధ్యాహ్నం కళ్ళు తెరిచారట. మాట ఇంకా రాలేదు. డాక్టరు రేపటికి వస్తుందంటున్నాడు."

"దేవుడి దయ" అని చేతులు జోడించి, ప్రభాకరరావు తన మనుషుల్ని తీసుకుని వెళ్ళిపోయాడు.

"ఆస్పత్రిలో కాపలా?" అంది సరోజ వెంటనే.

"కానిస్టేబుల్ మంచం పక్కనే ఉన్నాడు. ఆ మాత్రం నాకూ తెలుసు." రత్నబాబు టేప్ రికార్డర్ కేసి చూస్తూ ఉండిపోయాడు. "కళ్ళజోడు సంగతి... నేను పట్టించుకోవాల్సింది."

అతని నోట అంతకంటే పెద్ద మాట రాదని సరోజకి అర్థమైంది. చాలుననిపించింది.

* * *

పొద్దు వాలింది. రాజరాజేశ్వరి ఆస్పత్రిలో తండ్రిని చూసొచ్చి, మైకుని స్టాండుకి బిగించి ఆయన కుర్చీలో కూర్చుంది. ఆమెకీ లైసెన్సు ఉంది, ఎప్పుడూ ఆయన ముందు వాడలేదంతే. సోమవారం తర్వాత మిత్రులందరినీ ఒకచోట పిలవడం ఇదే మొదలు. తాలూకాలో ఎన్ని రేడియోలు తెరిచి ఉన్నాయో తెలియదు.

ఆమె నమస్కారం చెప్పింది. సోమవారం మాట ఎప్పటిదో, ఎలా వచ్చిందో ఉన్నదున్నట్టు చెప్పింది. మీట వదిలింది.

గరగరలోంచి రాయప్ప పలికాడు. సూర్యనారాయణ పలికాడు. సలోమోను మాస్టారు, "మూర్తిగారు లేచి మమ్మల్ని పిలిచేదాకా మేం కదలం తల్లీ" అన్నాడు. రత్నబాబు ద్వారబంధానికి ఆనుకుని వింటున్నాడు. జీపు తాళాలు తిప్పడం మానేశాడు.

అప్పుడు ఎవరికీ తెలియని గొంతొకటి వచ్చింది. ఆడమనిషిది. మైకుకి మరీ దగ్గరగా, ఊపిరి కూడా వినపడేలా.

"నేను... నాకు లైసెన్సు లేదండీ. మాట్లాడొచ్చో లేదో తెలియదు. మూడేళ్ళుగా వింటున్నా. ఎప్పుడూ ఏమీ ఇవ్వలేదు మీకు. ఊరికే విన్నా."

"మీరెవరండీ?" అంది రాజరాజేశ్వరి.

"సుభద్రని. ప్రభాకరరావుగారి భార్యని. సంఘానికిచ్చే కొత్త స్టేషను పెట్టె ముందే తెచ్చి మా ఇంట్లో దించారు, దాన్ని నొక్కి మాట్లాడుతున్నా. మా వారు ఇప్పుడే ఆస్పత్రికి బయల్దేరారు. ఫ్లాస్కులో మామిడిరసం పోసుకెళ్ళారు. వంటింట్లో, తోటకి కొట్టే పురుగుమందు సీసా మూత తీసి ఉంది. అక్కడున్న కానిస్టేబుల్ని మా మనిషొకడు ఫలహారానికి తీసుకెళ్ళాడు. త్వరగా వెళ్ళండి!"

రత్నబాబు అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

సరోజ మైకు అందుకుంది. "సుభద్రగారూ, తాలూకా అంతా వింటోంది. మీ పేరు ఎందుకు చెప్పారమ్మా?"

"పేరు లేని మాట సోమవారం ఒకటి విన్నారు కదండీ. మళ్ళీ పేరు లేకుండా చెబితే ఎవరు నమ్ముతారు?"

ఆ వెనకాల దబదబా చప్పుడు. ఎవరో తలుపు బాదుతున్నారు. మగ గొంతొకటి, "అమ్మగారూ, తలుపు తియ్యండి" అంటోంది. అభ్యర్థించే గొంతు కాదది.

"తలుపు తియ్యకండి!" అంది సరోజ. "సుభద్రగారూ! వినిపిస్తోందా?"

ఏదో విరిగిన చప్పుడైంది. తర్వాత గరగర తప్ప ఏమీ లేదు.

సరోజ మైకుని రాజరాజేశ్వరి చేతిలో పెట్టి వీధిలోకి పరిగెత్తింది. జీపు మలుపు తిరగబోతోంది. "మీరు ఆస్పత్రికి పదండి!" అని అరిచింది. "నేను ఆవిడ దగ్గరికి!" రత్నబాబు వేగం తగ్గించకుండానే వెనక కూర్చున్న కానిస్టేబుల్ని దూకమన్నాడు. ఇద్దరూ ప్రభాకరరావు ఇంటి వైపు పరుగు తీశారు.

వెనక, తెరిచిన కిటికీలోంచి రేడియో ఇంకా వినిపిస్తూనే ఉంది. బందరు నుంచి, ఉంగుటూరు నుంచి, చాట్రాయి నుంచి ఒక్కొక్కరే పిలుస్తున్నారు.

"సుభద్రగారూ... సుభద్రగారూ, పలకండి..."